‘సూచుచుండన్’: ఊళ్లో జూదపు సభ ఘట్టం చదివించి మాట్లాడించే పద్ధతి

సభాపర్వంలో జూదం కథ తెలియని తెలుగువాళ్లు అరుదు. దాన్ని చర్చకు పెట్టడంలో కష్టమంతా అదే. శకుని మోసగాడు, దుర్యోధనుడు దుర్మార్గుడు, ద్రౌపది పాపం అని అందరికీ ముందే తెలుసు. పది నిమిషాల్లో తలలూపేసి టీ ఎప్పుడొస్తుందా అని గుమ్మం వైపు చూస్తారు. కాబట్టి ఈ పద్ధతిలో మంచివాడెవడు, చెడ్డవాడెవడు అన్న ప్రశ్నే అడగం. ఆ సభలో ఉన్న ఒక్కొక్కరికీ ఆ పూట ఏం తెలుసు, ఏం చేశారు, నోరు తెరిస్తే ఏం పోయేది, ఇవే అడుగుతాం. మనస్సాక్షి ఉందా లేదా అని మనిషిని పట్టుకుని అడిగితే అందరికీ ఉందనే వస్తుంది. దానికి ఎంత ఖర్చు పెట్టాడు అని అడిగితే లెక్క తేలుతుంది.

ఈ పాఠం గోదావరి వాళ్లకి పరాయిది కాదు. నన్నయ 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో, రాజరాజనరేంద్రుడు అడిగితే తెనిగించిన భాగం ఇది. రాజు ముందు కూర్చుని, రాజసభ నోరుమూసుకున్న కథ చెప్పాడన్నమాట. ఆ సంగతి మొదటి రోజు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేయండి. దాని మీద ఉపన్యాసం మొదలైతే నన్నయ అక్షరరమ్యత దగ్గరే సాయంత్రం గడిచిపోతుంది.

మొత్తం మూడు సాయంత్రాలు, రోజుకి రెండు గంటలు.

ఎప్పుడు, ఎక్కడ, ఎవరు

డెల్టాలో దీనికి అనువైన కాలం దాళ్వా (రెండో పంట వరి) నూర్పులు అయిపోయి, కాలువలు కట్టేశాక, మళ్లీ నీళ్లు వదిలేలోపు. మూఢం చూసుకుని పెట్టుకుంటే ఇంకా మంచిది, పెళ్లిళ్లుండవు. సాయంత్రం ఆరున్నరకి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకి ముగించేయండి. సంక్రాంతి ముందు మాత్రం వద్దు. జూదం అన్న మాట చెవిన పడగానే చర్చ కోడిపందేల బరిలోకి దూకుతుంది. అది ఆచారమా కాదా అన్న దగ్గరే మూడు రోజులూ చెల్లిపోతాయి.

చోటు విషయంలో మొహమాటపడకండి. పంచాయతీ ఆఫీసులో సర్పంచి కుర్చీ ఉంటుంది, అందులో ఎవరూ కూర్చోకపోయినా అది మాట్లాడుతూనే ఉంటుంది. రామాలయం మండపం చల్లగా, విశాలంగా ఉంటుంది గానీ, ఎవరు మెట్టెక్కి కూర్చుంటారు, ఎవరు కిందే నిలబడతారు అన్నది ఊరికి అలవాటైపోయిన చోట అధికారం గురించి మాట్లాడించడం కష్టం. శాఖా గ్రంథాలయం కానీ, బడి విడిచాక ఒక తరగతి గది కానీ చూడండి. అందరికీ చాపలు, లేదా అందరికీ కుర్చీలు. సగం కుర్చీలు సగం చాపలు వేశారా, చాప మీది మనిషి కుర్చీలో మనిషిని కాదనడు.

12 మంది సరిపోతారు. ఎనిమిదికి తగ్గితే రెండు గొంతులే వినపడతాయి, 15 దాటితే గుసగుసలు మొదలవుతాయి. ఆడవాళ్లు నలుగురికి తక్కువ కాకుండా చూడండి. ఒక్కరే ఉంటే ద్రౌపది మాట వచ్చినప్పుడల్లా అందరూ ఆవిడ వైపు తిరిగి, “ఏవమ్మా, ఆడవాళ్ల తరపున నువ్వు చెప్పు” అంటారు. అప్పుడావిడ పాఠకురాలు కాదు, ప్రతినిధి అయిపోతుంది. భూమి ఉన్నవాళ్లూ, కౌలుకి చేసేవాళ్లూ ఇద్దరూ ఉండాలి. ఆ సంగతి మూడో రోజు అక్కరకొస్తుంది.

ఇక మన ప్రాంతపు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది, ‘ఆయ్’. పెద్ద మాస్టారు మొదట అభిప్రాయం చెప్పారంటే, తర్వాత పదకొండు మందీ “ఆయ్, నిజవేనండి” అంటారు. అది ఒప్పుకోలు కాదు, మర్యాద. నడిపేవాళ్లకి ఆ రెంటికీ తేడా తెలియకపోతే చర్చ బ్రహ్మాండంగా జరిగిందనుకుని ఇంటికెళతారు. అందుకని రెండు కట్టుబాట్లు ముందే చెప్పేయండి. ఒకటి, చిన్నవాళ్లు ముందు, పెద్దవాళ్లు చివర మాట్లాడాలి. రెండు, ఎవరి మాటతోనైనా ఏకీభవిస్తే, వాళ్లు చెప్పని కారణం ఒకటి కొత్తగా కలపాలి. కారణం లేని ‘ఆయ్’ లెక్కలోకి రాదు. పెద్దవాళ్లకి ఇది కొంచెం చివుక్కుమంటుంది. ముందు రోజు ఇంటికెళ్లి, “మీరు ముగింపు మాట్లాడితే బాగుంటుందండీ” అని చెప్పి రండి. చివర మాట్లాడటం కూడా పీటే కదా, ఒప్పుకుంటారు.

పాఠం సిద్ధం చేసుకోవడం

నన్నయ సభాపర్వం రెండాశ్వాసాలు. జూదం రెండో ఆశ్వాసంలో ఉంది. తిరుమల తిరుపతి దేవస్థానం వారు తాత్పర్యంతో వేసిన ప్రతి తీసుకోండి, గ్రంథాలయాల్లో దొరుకుతుంది. ద్రౌపదిని పిలుచుకు రమ్మని ప్రాతికామి అనే సేవకుణ్ణి పంపిన దగ్గర మొదలుపెట్టి, ధృతరాష్ట్రుడు వరాలిచ్చిన దగ్గర ఆపండి. పద్యాలన్నీ చదివించకండి. నాలుగైదు పద్యాలు, మిగతాది తేలిక వచనం, కలిపి నాలుగు పేజీలు దాటకూడదు. అక్షరం 16 సైజు, రెండు వైపులా జిరాక్సు. అరవై దాటిన కళ్లకి, ట్యూబులైటు వెలుతురుకి అంతకన్నా చిన్నది పనికిరాదు.

ఒక జాగ్రత్త. తెనిగించినప్పుడు కొన్నిచోట్ల కుదింపు జరిగింది. సంస్కృతంలో ఉన్న వాదం పూర్తిగా కావలసిన చోట, ముఖ్యంగా వికర్ణుడి మాట, విదురుడి మాట దగ్గర, మూలానికి వచన అనువాదం వాడుకోండి. కానీ ఏది నన్నయది, ఏది మూలానిది అని పేజీ అంచున గుర్తు పెట్టండి. లేకపోతే గుంపులో పద్యాలు నోటికొచ్చిన ఒకాయన తప్పకుండా లేచి, “ఇది భారతంలో లేదు” అంటాడు. ఆయన చెప్పిందీ నిజమే అవుతుంది, మీరు చెప్పిందీ నిజమే అవుతుంది, అరగంట పోతుంది.

నాటకాల్లో, సినిమాల్లో చూసిన సభ మరో అడ్డం. కృష్ణుడు చీరలిచ్చాడు అన్న మాట ఎవరో ఒకరు మొదటి పావుగంటలోనే అంటారు. అది అన్నాక గుంపంతా ఊపిరి పీల్చుకుంటుంది: దేవుడు చూసుకున్నాడు, ఇక మనుషుల సంగతి ఎందుకు? పుణెలో భండార్కర్ సంస్థ రాతప్రతులు పోల్చి తయారుచేసిన సంస్కృత భారత సంశోధిత ప్రతిలో, ఈ చీరల ఘట్టం దగ్గర కృష్ణుడి ప్రస్తావన మూలపాఠంలో లేదు, అడుగున పాఠాంతరంగా పెట్టారు. కానీ ఈ వాదన తేకండి, భక్తుల మనసు నొచ్చుకుంటుంది తప్ప పని జరగదు. “కృష్ణుడు వచ్చే ముందు ఆ గదిలో ఉన్నవాళ్ల గురించే మనం మాట్లాడుకుంటున్నామండీ” అంటే చాలు.

మొదటి సాయంత్రం: నాలుగు చోట్ల ఆపడం

ఒకరు చదవాలి, మిగతావాళ్లు కాగితం మీద వేలు పెట్టి చూడాలి. నాలుగు చోట్ల ఆగాలి. ఎక్కడ ఆగాలో కాగితం మీద ముందే గీత గీసి ఉంచండి. లేకపోతే కథ లాక్కుపోతుంది.

మొదటి ఆగు ప్రాతికామి తిరిగొచ్చిన దగ్గర. ఇతన్ని అందరూ దాటేస్తారు. చర్చ మొత్తానికి ఇరుసు ఇతనే అని మా అభిప్రాయం. సూతుడు, సేవకుడు. వెళ్లి ఆవిణ్ణి తీసుకురా అన్నారు, వెళ్లాడు. ఆవిడ రాలేదు, ఒక ప్రశ్న ఇచ్చి పంపింది: ఆ రాజు ముందు తనను తాను ఓడాడా, నన్ను ఓడాడా? అతను ఆ ప్రశ్న మింగేసి, “రానంటోంది దొరా” అని చెప్పి ఊరుకోవచ్చు. నిండు సభలో నిలబడి, ఉన్నది ఉన్నట్టు ప్రశ్న అప్పజెప్పాడు. ధర్మరాజు దగ్గర్నుంచి జవాబు లేదు. మళ్లీ వెళ్లమన్నప్పుడు జంకి, సభ వైపు తిరిగి, ద్రౌపదికి ఏమని చెప్పమంటారు అని అడిగాడు. వీడు భీముడికి భయపడుతున్నాడు అని దుర్యోధనుడు తీసిపారేసి, తమ్ముణ్ణి పంపాడు.

ఇక్కడ ఆపి ఒకే ప్రశ్న వేయండి: ఇతను ఆజ్ఞ పాటించాడా, ధిక్కరించాడా? రెండూ కాదని తేలడానికి కనీసం పది నిమిషాలు పడుతుంది, పట్టనివ్వండి. ఉద్యోగం చేసేవాళ్లు, అంటే అటెండర్లు, గుమస్తాలు, ఆశా వర్కర్లు గుంపులో ఉంటే ఇక్కడే మొదటిసారి ముందుకి వంగి మాట్లాడతారు. పైనుంచి వచ్చిన మాట కిందికి, కింది మాట పైకి మార్చకుండా మోయడమే ఒక్కోసారి వాళ్ల చేతిలో ఉన్న మొత్తం అధికారం.

రెండో ఆగు భీష్ముడి జవాబు దగ్గర. తనను ఓడిపోయినవాడికి ఇంకొకరిని పందెం ఒడ్డే హక్కు లేదు, కానీ భార్య భర్త వశంలో ఉంటుంది, ధర్మం సూక్ష్మం, తేల్చలేను అంటాడు. ఆయన్ని తిట్టనివ్వకండి. జవాబులో రెండు భాగాలు విడదీయించండి. నిజంగా చిక్కు ఉన్న భాగం ఎంత, చిక్కు ఉందని చెప్పి తప్పుకున్న భాగం ఎంత? కాగితం మీద ఆ వాక్యాల మధ్య అడ్డగీత గీయమనండి. ఒక్కొక్కరు ఒక్కో చోట గీస్తారు. ఎక్కడ గీశారో చూపించుకుని, ఎందుకో చెప్పుకోవడమే ఈ ఆగు.

మూడో ఆగు వికర్ణుడి దగ్గర. దుర్యోధనుడి సొంత తమ్ముడు. వేట, మద్యం, జూదం, స్త్రీలోలత అనే వ్యసనాల్లో పడి రాజు చేసిన పని చెల్లదు. ఆవిడ ఐదుగురికీ భార్య, ఒక్కడు ఒడ్డలేడు. అప్పటికే తనను ఓడిపోయాడు. పైగా ఆవిణ్ణి పందెం పెట్టమని ఎత్తించింది శకుని. ఇవీ అతని కారణాలు. సభలో మెచ్చుకున్నవాళ్లున్నారు, కర్ణుడు లేచి కుర్రవాడివి నీకేం తెలుసని కొట్టేశాడు. ఈ ఆగు త్వరగా దాటించండి. వికర్ణుణ్ణి రెండో రోజుకి దాచుకోవాలి.

నాలుగోది వరాల దగ్గర. మొదటి వరంతో ధర్మరాజు దాస్యం పోగొట్టింది, రెండో వరంతో మిగతా నలుగురిని ఆయుధాలతో సహా విడిపించుకుంది. మూడోది ఇస్తానన్నా వద్దంది. ఎందుకు వద్దంది అని అడిగి, సమయం ఉంటే వినండి, లేకపోతే ఇంటికి పంపేయండి.

పద్యాల్లో ఒక్కటి మాత్రం నెమ్మదిగా విప్పాలి, భీముడి ప్రతిజ్ఞ. “కురువృద్ధుల్ గురువృద్ధబాంధవు లనేకుల్ సూచుచుండన్” అని మొదలయ్యే మత్తేభం. రాగం తీసి పాడేవాళ్లు ఊళ్లో ఎవరో ఒకరు ఉంటారు, పాడించండి. తర్వాత గొంతు దించి, మామూలుగా మాట్లాడినట్టు చదివించండి. రాగంలో భీముడి కోపం వినపడుతుంది, మాటల్లో ఇంకొకటి కనపడుతుంది. దుశ్శాసనుడి పేరు ఎత్తకముందే భీముడు లెక్కపెట్టింది చూస్తున్నవాళ్లని. కురువృద్ధులు, గురువులు, వృద్ధబాంధవులు, ఒకరిద్దరు కాదు ‘అనేకుల్’. వాళ్లు చేసిన పని ఒకే క్రియ, ‘సూచుచుండన్’. పద్యం చివరికి వచ్చేసరికి అదే క్రియ మళ్లీ వస్తుంది: ‘ఉర్వీపతి సూచుచుండ’, రాజు చూస్తూ ఉండగా దుశ్శాసనుడి నెత్తురు తాగుతానంటాడు. ఇవాళ మీరు చూస్తూ కూర్చున్నారు కదా, రేపు దీన్నీ చూస్తూ కూర్చుందురు గాని అన్నట్టు. ఆ రెండు చోట్లా పెన్సిలుతో గీత పెట్టించండి. శిక్షలో చూసేవాళ్ల వాటా ఎంత అన్న ప్రశ్న దానంతటదే లేస్తుంది. అది రెండో రోజు పని.

రెండో సాయంత్రం: చింతపిక్కల లెక్క

మనిషికి 16 చింతపిక్కలు. 12 మందికి 192. పోయేవాటికి కలుపుకుని రెండొందలు వేసుకోండి. ఒకవైపు అరగదీసినవి తేకండి, కుర్రాళ్లు వాటితో పందెం వేయడం మొదలుపెడతారు. జూదం మీద చర్చలో జూదం నవ్వులపాలు.

పదహారెందుకంటే పాత రూపాయికి పదహారణాలు. ఆ రోజు సభలో జరిగిన తప్పు మొత్తం ఒక రూపాయి అనుకోమనండి. నేల మీద ఆరు చీటీలు పరచండి: ధృతరాష్ట్రుడు, దుర్యోధన శకుని కర్ణులు, దుశ్శాసనుడు, ధర్మరాజు, భీష్మద్రోణాది పెద్దలు, ఊరకే కూర్చున్న మిగతా రాజులు. ఎవరి వాటా ఎంతో ముందు కాగితం మీద అంకెలు వేసుకోవాలి, ఎవరికీ చూపించకూడదు. తర్వాతే పిక్కలు పెట్టాలి. ఈ వరస తప్పిందా, మొదటివాళ్లు పెట్టింది చూసి మిగతావాళ్లు సర్దేసుకుంటారు, ‘ఆయ్’ పిక్కల రూపంలో తిరిగొస్తుంది. ఇంకో నియమం, ఒక చీటీలో మిగతా అన్నిటికన్నా ఎక్కువ ఉండి తీరాలి. సమంగా పంచేసి తప్పుకోవడం కుదరదు.

అందరూ పెట్టాక విదురుడి లెక్క బయటపెట్టండి. సంస్కృత భారతంలో విదురుడు ఆ సభలోనే ప్రహ్లాదుడి కథ చెబుతాడు. ప్రహ్లాదుడి కొడుకు విరోచనుడికీ, సుధన్వుడు అనే బ్రాహ్మణ కుమారుడికీ తగవు వచ్చి ప్రహ్లాదుడి దగ్గరికే తీర్పుకొచ్చారు. సభలో అధర్మం జరుగుతుంటే నిందించనివాళ్ల గతేమిటని ప్రహ్లాదుడు కశ్యపుణ్ణి అడిగాడు. కశ్యపుడు చెప్పిన లెక్క ఇది: సగం సభ పెద్దకి, పావు చేసినవాడికి, పావు చూస్తూ ఊరుకున్న సభ్యులకి. మన పిక్కల్లో ఎనిమిది, నాలుగు, నాలుగు. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో ఇంకో లెక్క ఉంది: చేసినవాడికి, సాక్షికి, సభ్యులకి, రాజుకి తలా పావు. రెండూ రాసి గోడకి అంటించండి.

ఇక్కడ మంచి మలుపు ఒకటుంది, ముందే చెప్పేయకండి. 16 పిక్కలూ దుర్యోధనుడి చీటీలోనో దుశ్శాసనుడి చీటీలోనో పోసేసినవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు. చేసినవాడిదే తప్పు, ఇంకెవరిది అంటారు. వాళ్లతో వాదించకండి. కశ్యపుడి మాటలో మిగతా సగం చదివించండి: నిందించవలసినవాణ్ణి సభ నిందిస్తే, పెద్దా సభ్యులూ విడుదలవుతారు, పాపం మొత్తం చేసినవాడికే పోతుంది. అంటే పదహారూ చేసినవాడి చీటీలో పడాలంటే సభ నోరు విప్పి ఉండాలి. ఆ పిక్కలు పోసినవాళ్లు వాటిని ఎత్తి మళ్లీ పంచుతారో, ఉంచుతారో వాళ్లిష్టం. చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చుంటారు. ఆ మౌనాన్ని మీరు మాటలతో నింపకండి.

అరగంట గడిచాక పిక్కలు తీసేసి నాలుగు గడుల పట్టిక గీయండి: పేరు, ఏం తెలుసు, ఏం చేశాడు, మాట్లాడితే ఏం పోయేది. నాలుగో గడి నింపడమే అసలు పని. భీష్ముడి ఎదురుగా ఏం రాయాలో తోచదు. ఆయన్ని ఎవరూ ఏమీ చేయలేరు, చావు కూడా ఆయన చెప్పినప్పుడు రావాలి. సింహాసనానికి కట్టుబడిన ప్రతిజ్ఞ అని ఒకరంటారు, తిన్న ఉప్పు అని ఇంకొకరంటారు. రెండూ రాయండి. విదురుడు దాసీపుత్రుడు, ఏ అధికారమూ లేదు, మొదట్నుంచీ వద్దన్నాడు. తర్వాత అరణ్యపర్వంలో ధృతరాష్ట్రుడు పొమ్మంటే పాండవుల దగ్గరికి అడవికి పోయాడు, మళ్లీ కబురొస్తే తిరిగొచ్చాడు. ఆ తిరిగి రావడం గురించి ఎవరైనా గుచ్చి అడిగితే సంతోషించండి.

ఇప్పుడు దాచుకున్న వికర్ణుణ్ణి బయటికి తీయండి. అంత మాట్లాడినవాడు యుద్ధంలో అన్న పక్షానే నిలబడ్డాడు, ద్రోణపర్వంలో భీముడి చేతిలో చచ్చాడు. పక్కన యుయుత్సుణ్ణి రాయండి. ధృతరాష్ట్రుడికి వైశ్య స్త్రీ వల్ల పుట్టినవాడు. జూదపు సభలో ఇతను మాట్లాడినట్టు లేదు. కురుక్షేత్రంలో రెండు సేనలూ నిలబడ్డాక, మా వైపు రాదలచినవాళ్లు రావచ్చు అని ధర్మరాజు పిలిస్తే దాటి వచ్చాడు. యుద్ధంలో మిగిలాడు. పాండవులు మహాప్రస్థానానికి పోతూ రాజ్యం బాధ్యత చూడమని ఇతని మీదే పెట్టారు. మాట్లాడి ఉండిపోయినవాడు ఒకడు, మాట్లాడకుండా దాటినవాడు ఇంకొకడు. ఎవరిది పెద్ద ఖర్చు?

దీనికి పాతిక నిమిషాలు ఉంచండి. కలిసి ఉన్న కుటుంబాలు, అన్నదమ్ముల పంపకాలు, పార్టీలు మారడం అన్నీ ఈ సందులోంచే వస్తాయి. పార్టీల పేర్లు రాకుండా మాత్రం ఆపండి. పేరు వచ్చిన మరుక్షణం వికర్ణుడు పోయి జెండాలు మిగులుతాయి. యుయుత్సుడు కేవలం గెలిచే వైపు దూకాడు అని ఎవరైనా అంటే, ఆ రోజు ఎవరి సైన్యం పెద్దదో అడగండి. కౌరవులవి 11 అక్షౌహిణులు, పాండవులవి 7.

మూడో సాయంత్రం: ఊరి మీదికి

కథలోంచి ఊళ్లోకి దిగేటప్పుడు పట్టు జారుతుంది. మొదటి నియమం, నిజంగా జరిగిన గొడవ తీసుకోకూడదు. డెల్టాలో పేరు చెప్పకపోయినా ఫలానా బోదె (పొలం కాలువ) అంటే చాలు, మనిషి తెలిసిపోతాడు. కల్పించిన సందర్భం ఒకటి రాసి తెచ్చుకోండి. ఇలా ఉండొచ్చు:

మార్చి నెల. దాళ్వా వరి పాలు పోసుకుంటోంది. కాలువలో నీళ్లు చాలక వంతులవారీగా ఇస్తున్నారు. ఈ రాత్రి వంతు శివారు ఆయకట్టుది, అంటే కాలువ చివరి పొలాలది. పదకొండు గంటలకి లస్కరుకి, అంటే కాలువ షట్టర్లు చూసే మనిషికి, ఫోను వచ్చింది. ఎగువన ఒక పెద్ద రైతు, నీటి సంఘంలో పలుకుబడి ఉన్నవాడు, తన తూము షట్టరు రెండు గంటలు ఎత్తి ఉంచమన్నాడు. లస్కరుది రెగ్యులర్ ఉద్యోగం కాదు. శివారులో ఉన్నది కౌలు రైతు. షట్టరు ఎత్తడం గట్టు మీదుగా పోతున్న పాలాయన చూశాడు.

లస్కరు, పెద్ద రైతు, కౌలు రైతు, పాలాయన, నీటి సంఘం అధ్యక్షుడు, ఏఈ (నీటిపారుదల శాఖ అసిస్టెంట్ ఇంజనీరు), ఆరు చీటీలు. నిన్నటి నాలుగు గడులే మళ్లీ నింపండి. నటన వద్దు, చీటీ ఎవరికొస్తే వాళ్లు ఆ మనిషి తరపున నాలుగో గడి నింపాలి, అంతే. చీటీలు పంచేటప్పుడు మాత్రం చేతివాటం చూపించండి. భూస్వామికి లస్కరు చీటీ, కౌలు రైతుకి ఏఈ చీటీ రావాలి. ఎవరి పాత్ర వాళ్లకే వస్తే ఇంట్లో దాచుకున్న ఫిర్యాదులు చదివినట్టుంటుంది.

లస్కరు ప్రాతికామే అని గుంపు కనిపెట్టడానికి ఎక్కువసేపు పట్టదు. అక్కడ ఆగిపోకుండా, షట్టరు ఎత్తను అనకుండా, ఎత్తకుండా ఉండే దారి ఏదైనా ఉందా అని అడగండి. “ఏఈ గారి చేత ఒక మాట చెప్పించండి, అలాగే ఎత్తేస్తానండి” అనొచ్చు. వంతు పుస్తకంలో టైము రాసి, ఎవరు అడిగారో కూడా రాయొచ్చు. ప్రశ్నను పైకి మోయడం అంటే ఇదే. ఆంధ్రప్రదేశ్‌లో 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి. ప్రశ్న అడగడానికి సభ ఉంది, అడిగే గొంతు ఎవరిదన్నదే మిగిలింది. ఇక పాలాయన చీటీ వచ్చినవాళ్లు “నాకెందుకండీ” అంటే తప్పుపట్టకండి. గోడ మీది లెక్క వైపు ఒకసారి చూడమనండి.

రెండో గంట కందుకూరి వీరేశలింగం గారిది. రాజమండ్రిలో విగ్రహం చూసినవాళ్లే అందరూ, కాబట్టి విగ్రహాన్ని దించి మాట్లాడుకోవాలి. వితంతు వివాహం చెల్లుతుందని చట్టం 1856లోనే వచ్చింది. రాజమండ్రిలో ఆయన మొదటి పెళ్లి చేయించింది 1881 డిసెంబరు 11న. మధ్యలో పాతికేళ్లు. అధికారం ఒప్పుకుంది, ఊరు ఒప్పుకోలేదు. అధికారం అంటే సర్కారే అనుకునేవాళ్లకి ఈ రెండు సంవత్సరాలు పక్కపక్కన రాసి చూపిస్తే చాలు. నాలుగో గడి నింపేటప్పుడు వెలి అని రాస్తారు, నిజమే. అప్పుడు అడగండి: వంటవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు రావడం మానేస్తే గోదావరి నీళ్లు మోసింది, వచ్చినవాళ్లందరికీ వండింది ఎవరు? ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు. మనస్సాక్షి ఒకరిది, బిందె ఇంకొకరి చంకన. పట్టికకి అయిదో గడి కలపండి: ఖర్చు ఎవరు మోశారు? కలిపాక నిన్నటి పట్టిక కూడా తిరగేసి, ధర్మరాజు వరసలో ఆ గడి నింపించండి.

సమయం ఉంటే, వినే ఓపిక కనిపిస్తే, ఇంకొక అడుగు వేయండి. అదే సంస్కర్తలు భోగం మేళాలకి (దేవదాసీల ఆటపాటలకి) ఎదురు నిలిచారు. వీరేశలింగం తర్వాత కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడు ఆ పని గట్టిగా నడిపారు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. ఆడపిల్లల్ని ముడుపు కట్టే దురాచారం మీద అది న్యాయమైన దెబ్బ. ఆ మేళాలు కట్టిన గోదావరి జిల్లాల కలావంతుల ఇళ్లలో తరాలుగా నిలిచిన పదాలు, జావళీలు, అభినయం, వాటితో పాటు ఆ ఆడవాళ్ల జీవనాధారం కూడా ఆ దెబ్బలోనే పోయాయి. వాళ్లనెవరైనా సభకి పిలిచి అడిగారా? ఒంటరిగా నిలబడిన మనస్సాక్షి గెలిచి, చట్టమై కూర్చున్నాక అదీ ఒక సభే. ఇది వీరేశలింగం గారిని తగ్గించడం అని ఎవరైనా నొచ్చుకుంటారు. తగ్గించడం కాదు, నాలుగో గడి అందరికీ ఒకలాగే గీస్తున్నాం అని చెప్పండి. ఆ మాట అనడానికి గుంపు మీద నమ్మకం కుదరకపోతే ఈ భాగం వదిలేయడమే మంచిది. సగం చెప్పి ఆపితే ఊళ్లో ఇంకోలా పాకుతుంది.

ఇంకా చదవాలనే ఉత్సాహం ఉంటే తర్వాతి నెలకి గ్రీకు నాటకం ఒకటి పెట్టుకోవచ్చు, సోఫోక్లిస్ ఆంటిగొనె. అన్న శవాన్ని పూడ్చవద్దని రాజు క్రెయాన్ ఆజ్ఞ, పూడుస్తానని చెల్లెలు. అందరూ ఆ ఇద్దరి దగ్గరే ఆగిపోతారు. మీరు మాత్రం రాజు దగ్గరికి కబురు మోసుకొచ్చే కాపలావాణ్ణి పట్టుకోండి. ఆంటిగొనెను పట్టిచ్చి, ఆమె మీద జాలిపడుతూనే, తన తల దక్కిందని ఊపిరి పీల్చుకుంటాడు. ప్రాతికామి పక్కన పెట్టి చదివితే మూడు గంటలు సరిపోవు.

మూడు రోజులకీ ఒక నోటుపుస్తకం పెట్టండి. అందులో పేర్లు రాయొద్దు. రెండో రోజు పిక్కల అంకెలు, నింపిన గడులు, తేలని ప్రశ్నలు మాత్రం రాయండి. ఎవరేమన్నారో రాశారని తెలిస్తే వచ్చేసారి లస్కరు చీటీ ఎవరూ తీసుకోరు. చివరి రోజు గోడ మీది కాగితాలు చింపి మీరే పట్టుకెళ్లండి, మర్నాడు గదిలోకి వచ్చేవాళ్లకి అవి వేరే కథ చెబుతాయి. పిక్కలు లెక్కపెట్టి డబ్బాలో పోయండి. రెండొందలకి నాలుగైదు తగ్గుతాయి. చేతిలో పట్టుకుని ఎవరి చీటీలో వేయాలో తేల్చుకోలేక జేబులో వేసుకుని పోయినవాళ్లు ఉంటారు, అడగకండి.